మూడు ఓలమ్మోలకు మించరాదు

"ఓలమ్మో, ఆ ఫ్యాను ఊడి ఎవరి నెత్తిమీదన్నా పడితేనో?"

పైడితల్లి ఈ మాట అనేసరికి ఫ్యాను తిరగడం లేదు సరికదా, ఆ భవనంలో కరెంటే లేదు. రాష్ట్ర చలనచిత్ర వయోనిర్ధారణ మండలి వారి ఇంటర్వ్యూ గది అది. బల్లకు అటుపక్క అయిదుగురు పెద్దమనుషులు కూర్చున్నారు. ఇటుపక్క ఆమె ఒక్కర్తే, సంచీ ఒళ్ళో పెట్టుకుని కుర్చీ అంచున కూర్చుంది. ఎవరూ ఇంకా పేరైనా అడగలేదు. ఆమె మాట విని అయిదుగురూ తలలెత్తి ఫ్యాను కేసి చూశారు. తరువాత ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. అధ్యక్షులు వేదాద్రిగారు కలం మూత తీశారు.

"అభ్యర్థిని ఎంపిక చేయడమైనది. బయట కూర్చున్న నలభై మందినీ పంపించివేయవలసినది."

సంగతేమిటంటే, ఏ సినిమా ఏ వయసు పిల్లలు చూడవచ్చో తేల్చడం ఈ మండలి పని. పాపం, పాత సభ్యులు ఇరవయ్యేళ్ళుగా చూసి చూసి రాయిలా తయారయ్యారు. తెర మీద ఒకడి పేగులు మెడలో వేసుకుని మరొకడు పాడుతూంటే, వీళ్ళు మిరపకాయ బజ్జీలు తింటూ "కొంచెం వాము తగ్గింది" అనుకునేవారు. జనం గోల పెట్టారు. దాంతో పైనుంచి ఉత్తర్వు దిగింది. "వయోపరిమితికి ప్రాతిపదిక భయము. కావున భయము లేని సభ్యులు వయోపరిమితిని నిర్ణయింపజాలరు. ఇకమీదట స్వభావసిద్ధముగా భయపడు ఒక మాతృమూర్తిని ప్రమాణముగా నియమించవలెను." పేపర్లో ప్రకటన వేశారు. విద్యార్హత ఎనిమిదో తరగతి, భయానుభవం కనీసం పదేళ్ళు.

ఆ దరఖాస్తు పంపింది పైడితల్లి కాదు, ఆమె కూతురు ప్రణతి. పద్నాలుగేళ్ళది, తొమ్మిదో తరగతి. దారిలో సొరంగాలున్నాయని తల్లి తనని స్కూలువాళ్ళతో అరకు పంపలేదన్న కసి మీద, అనుభవం అన్న గడిలో ఇలా రాసింది: "మా అమ్మ గ్యాసు మూడుసార్లు కట్టేస్తుంది. కట్టిందో లేదో తెలియడానికి నాలుగోసారి తెరిచి చూస్తుంది. నా చొక్కా కాలరు లోపల ఫోన్ నంబరు దారంతో కుట్టింది. మెడలో ఈల కట్టింది. రోడ్డు దాటే ముందు కుడి, ఎడమ, వెనక చూసి, కొబ్బరికాయ పడుతుందేమోనని పైకి కూడా చూడమంటుంది. మా వీధిలో కొబ్బరిచెట్టు లేదు."

ఇంటర్వ్యూకి రమ్మని ఉత్తరం వచ్చిననాడు పైడితల్లికి చెమటలు పట్టాయి. కంచరపాలెంలో ఇంటి వసారాలో కూర్చుని చీరలకు ఫాల్సు కుట్టుకునే తనకు ఈ సర్కారు కొలువేమిటి? మొగుడు సింహాద్రి మాత్రం చుట్ట దులిపి చెప్పాడు.

"ఎల్లవే. ఇంట్లో ఉత్తినే బయపడతన్నావు. ఆడికెల్లి గవర్నమెంటు తరపున బయపడు."

అలా కొలువు మొదలైంది. చిన్న సినిమా హాలు, మెత్తటి కుర్చీ. పక్కన ధర్మారావనే గుమాస్తా, అతని చేతిలో కొండ మీద క్యూలో భక్తుల్ని లెక్కపెట్టే ఇనప మీట. పైడితల్లి "ఓలమ్మో" అన్నప్పుడల్లా ధర్మారావు టక్కున ఒకసారి నొక్కాలి. మూడు ఓలమ్మోలకు మించకపోతే ఆ సినిమా అందరూ చూడవచ్చు. నాలుగు నుంచి పది దాకా అయితే పదమూడేళ్ళు నిండాలి. పది దాటితే పెద్దలకు మాత్రమే. "బాబోయ్" అంటే ఏం చెయ్యాలన్న దాని మీద మండలి రెండు సమావేశాలు జరిపి, దాన్ని అర ఓలమ్మోగా పరిగణించాలని తీర్మానించింది.

మొట్టమొదట వచ్చిన సినిమా పేరు 'నూటపదహారు తలకాయలు'. పేరులో ఎన్ని చెప్పారో తెరమీద అన్నీ తెగుతాయి. నిర్మాత వీరభోగం గారు శుభసంఖ్య అని ఒక్కటి కూడా తగ్గించలేదు. వేదాద్రిగారు ముందు జాగ్రత్తగా అంబులెన్సుకు చెప్పి ఉంచారు. హాల్లో దీపాలార్పారు. తెర మీద కత్తులు లేచాయి. పది తలలు దొర్లాయి, ఇరవై దొర్లాయి. మీట మోగలేదు.

"ఏమ్మా, కళ్ళు మూసుకున్నారా?" అన్నాడు ధర్మారావు.

"లేదు బాబూ, సూస్తన్నాను."

"భయం వెయ్యటం లేదా?"

"ఆ బాబుకేటవుద్ది? ఇంకా రెండు పాటలుండిపోనాయి కదా," అంది పైడితల్లి. "సచ్చినోల్లు మాత్రం నిజంగా సచ్చారేటి? ఆ మూలనున్నోడు ఇప్పుడికి మూడుసార్లు సచ్చాడు, నాను సూడలేదేటి. నా దిగులల్లా ఆ తెల్ల సొక్కా గురించి. అప్పుడికప్పుడే సన్నీల్లలో ఉప్పేసి నానబెట్టీయాల. వేన్నీల్లు పోసినారా, ఆ మరక జన్మలో వదల్దు."

ఎనభయ్యో తల దగ్గర కాస్త కునుకు కూడా తీసింది. అంతలో హీరో చెమటలు కక్కుతూ ఇంటికొచ్చి, ఫ్రిజ్జు తీసి చల్లటి నీళ్ళు గటగటా తాగాడు.

"ఓలమ్మో! రొంప సేసీదూ?"

టక్. హెల్మెట్ లేకుండా బండెక్కాడు. టక్. విలన్ ఇంట్లో పసిపిల్ల ఒకత్తి గోడకున్న ప్లగ్గు పక్కన ఆడుకుంటోంది. టక్. ఆఖర్న హీరో మొహం కడుక్కుని, తడిచేత్తో లైటు స్విచ్చి వేశాడు. పైడితల్లి కుర్చీలోంచి లేచిపోయి అరిచిన అరుపుకు ధర్మారావు చేతిలో మీట జారి కింద పడింది. మొత్తం నాలుగు. పదమూడేళ్ళు నిండినవారికే అని తేలింది.

వీరభోగం గారు పరుగున వచ్చి ఆమె ముందు చేతులు కట్టుకున్నారు. "తల్లీ, ఎన్ని తలకాయలు తీసేయమంటారు? పది తీసేస్తాను. పోనీ, పదహారు. నూరు మిగిల్చండి చాలు."

"తలకాయలేటి సేసాయి బాబూ, వాటి మానాన అవి పోనాయి. తడిసేత్తో స్విచ్చి ఏసాడే, అది సూడండి ముందు. ఆ బాబుకి తల్లి లేదేటి?"

వారంలో ఆ ముక్క మళ్ళీ తీశారు. హీరో తువ్వాలుతో చేతులు శుభ్రంగా తుడుచుకుని, ఆరాయో లేదో చూసుకుని, అప్పుడు స్విచ్చి వేశాడు. మూడు ఓలమ్మోలు. నూటపదహారు తలకాయలూ భద్రంగా ఉండగా, 'అందరూ చూడదగినది' అని ధ్రువపత్రం చేతికొచ్చింది. బాలల వారోత్సవాలకు బడిపిల్లల్ని బస్సుల్లో తీసుకెళ్ళి ఆ సినిమా చూపించారు. ఒకటో తరగతి పిల్లలు నూటపదహారు దాకా అంకెలు తప్పు లేకుండా నేర్చుకున్నారని విద్యాశాఖ వారు మండలికి ప్రశంసాపత్రం పంపారు.

సినిమావాళ్ళకి కీలకం దొరికిపోయింది. ఆ ఏడాది వచ్చిన సినిమాల్లో హీరోలందరూ మఫ్లర్లు చుట్టుకుని నరికారు. విలన్లు "అక్కడ నేల తడిగా ఉంది, చూసుకుని రారా" అని హెచ్చరించి మరీ కలబడ్డారు. కత్తుల్ని సలసల మరిగే నీళ్ళలో ముంచి తీసేవారు. ఒక సినిమాలో అయితే, చావబోయే అరవై మందినీ వరసలో నిలబెట్టి ధనుర్వాతం ఇంజెక్షన్లు చేయించి, "అన్నం తిన్నావా?" అని ఒక్కొక్కణ్ణీ అడిగి, తిన్నానన్నవాణ్ణే చంపాడు హీరో. ఆ సీను చూసి పైడితల్లి కళ్ళొత్తుకుంది. "ఎంత మంచి గుంటడో," అంది. సున్నా ఓలమ్మోలు.

"దేశంలోనే ప్రప్రథమంగా భయాన్ని శాస్త్రీయ ప్రాతిపదికపై నిలబెట్టిన ఘనత మన మండలిది," అని వేదాద్రిగారు సభల్లో చెప్పుకున్నారు. శాలువాలు కప్పించుకున్నారు.

ఇంట్లో ప్రణతి మాత్రం, తను రాసిన దరఖాస్తు తన మెడకే చుట్టుకుంటుందని ఎరగదు.

ప్రణతి చదివే హైస్కూల్లో స్టెల్లా టీచరని సైన్సు చెప్పే ఆవిడ, సెల్‌ఫోనుతో ఒక చిన్న సినిమా తీసింది. ఇరవై రెండు నిమిషాలు. కథేమిటంటే, మనవరాలు ఒక్కతే సిటీ బస్సెక్కి వెళ్ళి, చూపానక అవస్థ పడుతున్న అమ్మమ్మకు కొత్త కళ్ళజోడు ఇచ్చి వస్తుంది. అంతే. మధ్యాహ్న భోజనం వండే సన్యాసమ్మ అమ్మమ్మ వేషం వేసింది. మనవరాలు ప్రణతి. తల్లికి తెలిస్తే కదలనివ్వదని స్పెషల్ క్లాసులని చెప్పింది. అనుమతి కాగితం మీద తండ్రి గుట్టుగా సంతకం పెట్టాడు. జిల్లా బాలల చిత్రోత్సవంలో నాలుగో శనివారం ఆ సినిమా వెయ్యాలి. దానికి మండలి ధ్రువపత్రం కావాలి.

అలా ఒక సోమవారం పొద్దున్న, 'అమ్మమ్మకు అద్దాలు' అనే సినిమా పైడితల్లి ముందుకొచ్చింది. తెర మీద ఒక ఆడపిల్ల వీపు కనిపించింది. బస్టాపులో నిలబడింది.

"ఓలమ్మో, ఎవలి గుంటో, ఒక్కర్తినే ఒగ్గీసినారు!"

టక్. ఆ పిల్ల ఇటు తిరిగింది. ప్రణతి.

ఆ తరువాత ధర్మారావుకి తల తిప్పుకునే తీరిక లేదు. బస్సొచ్చింది, టక్. ఫుట్‌బోర్డు మీద కాలు పెట్టింది, టక్ టక్. సీటు లేదు. డ్రైవరు బ్రేకు వేశాడు. ఎవరో మనిషి "ఎక్కడ దిగాలి పాపా?" అన్నాడు. ఒక ఆవిడ తన సీసాలో నీళ్ళు తాగమంది. ఫోన్లో ఛార్జింగు ఎర్రగా మారింది. అరవై నాలుగో ఓలమ్మో దగ్గర పైడితల్లి లేచి, చెప్పులు కూడా వేసుకోకుండా హాల్లోంచి బయటికి పరిగెత్తి, బీచిరోడ్డు మీద వచ్చిన మొదటి బస్సుకు అడ్డంగా నిలబడి, "నా గుంటని దింపండి బాబూ!" అని డ్రైవరు కాళ్ళా వేళ్ళా పడింది. ఆ సమయంలో ఆ గుంట తరగతి గదిలో కూర్చుని లెక్కలు చేసుకుంటోంది.

బొటనవేలు వాచిపోయిన ధర్మారావు లెక్క చదివాడు. వేదాద్రిగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"అరవై నాలుగు! మండలి చరిత్రలో ఇంతటి బీభత్స చిత్రం రాలేదు. రక్తం చుక్క చూపకుండా ఇంత భయం పుట్టించడమంటే సామాన్యమైన కుట్ర కాదు. పెద్దలకు మాత్రమే. అందునూ గుండెజబ్బు లేని పెద్దలకు మాత్రమే. బడులకు వంద గజాల లోపల ప్రదర్శించరాదు."

ఆ సాయంత్రం పైడితల్లి కూతుర్ని ఒళ్ళంతా తడిమి చూసుకుని, రెండు తిట్టి, ఒకటి ముద్దు పెట్టుకుని, మొగుడికి మిగతా తిట్లన్నీ పెట్టింది. అప్పుడు చెప్పింది ప్రణతి.

"స్టెల్లా టీచరుకి ఉత్తరం వచ్చిందమ్మా. నా సినిమా నేను చూడకూడదంట. ఎందుకంటే నాకు పద్నాలుగేళ్ళు. మా క్లాసోళ్ళందరికీ ఆ తలకాయల సినిమా రెండోసారి చూపిస్తారంట. అదైతే చూడొచ్చంట."

"నానేటి సేసాన్నే? బయమేసింది, అరిసాను."

ప్రణతి ఇంకేమీ అనలేదు. ఆ రోజూ అనలేదు, మర్నాడూ అనలేదు. అన్నం పెడితే తింది. జడ వేస్తే వేయించుకుంది. ఈల మెడలో కడితే కట్టించుకుంది. నోరు మాత్రం విప్పలేదు. ఊరంతా ఉన్న భయాలన్నీ కట్టగట్టుకుని వచ్చినా పైడితల్లి ఎదురు మాట్లాడగలదు. ఏ భయానికైనా ఒక కేక ఉంది. ఇంట్లో కూతురు మాట్లాడకపోవడానికి ఏ కేకా పనికిరాలేదు. గ్యాసు కట్టడం కూడా ఒక్కసారితో సరిపెట్టేస్తోంది.

అయిదో రోజున వేదాద్రిగారి గదిలో నిలబడింది.

"బాబూ, ఆ అరవై నాలుగూ నాను ఎనక్కి తీసీసుకుంటాను. మా గుంట సినిమా అందర్నీ సూడనివ్వండి."

"అమ్మా, ఒకసారి నమోదైన భయమును ఉపసంహరించుకొనుటకు నిబంధనావళిలో ఆస్కారము లేదు."

"మరేటి సెయ్యాల?"

ఆయన పుస్తకం తిరగేశారు. "పునర్వీక్షణ అని ఒకటున్నది. అదే సభ్యురాలు అదే చిత్రాన్ని మరల చూచి, మూడు ఓలమ్మోలకు మించకుండిన యెడల పూర్వ నిర్ణయము రద్దగును. నోటిలో వస్త్రము కుక్కుకొనరాదు. కళ్ళు మూసుకొనరాదు. నిద్రపోరాదు."

"సేతుల్తో ఏదన్నా సేసుకోవచ్చా?"

ఆయన మళ్ళీ పుస్తకం చూశారు. చేతుల గురించి అందులో ఏమీ లేదు.

నాలుగో శనివారానికి ముందురోజు, శుక్రవారం మధ్యాహ్నం పునర్వీక్షణ పెట్టారు. పైడితల్లి సంచీలో ఫాల్సు కుట్టవలసిన చీర, సూది, దారం తెచ్చుకుంది. మండలి అంతా వెనక వరసలో కూర్చుంది. ధర్మారావు కట్టు కట్టిన బొటనవేలు మీట మీద పెట్టాడు.

పేరు పడగానే ఒకటి అనేసింది. బస్సు రాగానే రెండు. ఫుట్‌బోర్డు మీద కాలు పెట్టగానే మూడు. సినిమా మొదలై నాలుగు నిమిషాలైంది. ఇంకా పద్దెనిమిది నిమిషాలుంది. ఖాతా నిండిపోయింది.

పైడితల్లి సూది పట్టుకుంది. బస్సు కేసి చూడకూడదనుకుంది. డ్రైవరు కేసి చూడకూడదు, ఆ నీళ్ళసీసా ఆవిడ కేసి అసలే చూడకూడదు. మరి చూపు ఎక్కడో ఒకచోట పెట్టాలి. అలవాటు కొద్దీ లంగా అంచు మీద పెట్టింది. అది తను కుట్టిందే. పోయినేటి మడత విప్పి, పిల్ల ఎదిగిందని రెండంగుళాలు దించి, బస్సు మెట్టుకి తగులుకోకుండా జంటదారంతో కుట్టింది. పాత మడత గీత తెర మీద ఇంకా కనిపిస్తోంది. పైకి చూస్తే ఈల ఉంది. పిల్ల దాన్ని చొక్కాలోకి దాచుకోలేదు, పైనే వేసుకుంది. సీసా నీళ్ళు వద్దని చేత్తో చెప్పి, తన సంచీలోంచి తన సీసా తీసుకుంది. మనిషి ఎక్కడ దిగాలని అడిగితే జవాబు కండక్టరుకి చెప్పింది. నిలబడడానికి ఇద్దరు ముసలమ్మల మధ్య చోటు వెతుక్కుంది. మొదటిసారి చూసినప్పుడు పైడితల్లి బస్సునొక్కదాన్నే చూసింది. అందులో పిల్ల ఉన్న సంగతి తట్టిందే గాని, ఆ పిల్ల ఏం చేస్తోందో చూడలేదు.

దిగింది. రోడ్డు దాటాలి. సూది ఆగింది.

ప్రణతి కుడివైపు చూసింది. ఎడమవైపు చూసింది. వెనక్కి చూసింది. ఆ తరువాత, నాలుగు రోడ్ల కూడలిలో, ఆకాశం తప్ప మరేమీ లేనిచోట, తలెత్తి పైకి చూసింది.

మండలి సభ్యులు ఘొల్లున నవ్వారు. ధర్మారావు కూడా నవ్వాడు. పైడితల్లి నోరు తెరుచుకుంది, అలాగే ఉండిపోయింది. మీట మోగలేదు.

చివర్న సన్యాసమ్మ కొత్త అద్దాలు పెట్టుకుని, మనవరాలి మొహం దగ్గరికి తీసుకుని అడిగింది: "ఒక్కదానివే అంత దూరం ఎలాగొచ్చీసావే? బయమెయ్యలేదేటి?" పిల్ల జవాబు చెప్పలేదు, ఊరికే నవ్వింది. సినిమా అయిపోయింది.

"మూడు," అన్నాడు ధర్మారావు.

వేదాద్రిగారు లేచి నిలబడ్డారు. మొహం మీద గొప్ప చిక్కు కనిపించింది.

"మూడు ఓలమ్మోలు గనుక చిత్రము అందరూ చూడదగినది. సంతోషము. అయితే అరవై నాలుగు నుండి మూడుకు పడిపోయిన సభ్యురాలు భయము కోల్పోయినట్లే గనుక, ప్రమాణముగా పనికిరాదు. ఆమె సభ్యత్వము రద్దు. సభ్యత్వము లేని వ్యక్తి చూచిన చూపు చెల్లదు గనుక ధ్రువపత్రము చెల్లదు. ధ్రువపత్రము చెల్లదు గనుక పాత అరవై నాలుగే నిలుచును. అరవై నాలుగు నిలిచినచో ఆమెకు భయమున్నట్లే గనుక సభ్యత్వము…"

ఆయన అక్కడ ఆగి, కుర్చీలో కూర్చుని, నుదురు పట్టుకున్నారు. సభ్యులు తలా ఒక వైపు వాదించారు. పొద్దు వాలుతోంది. పైడితల్లి చీర మడతపెట్టి సంచీలో పెట్టుకుంది.

ధర్మారావు దగ్గాడు. "అయ్యగారూ, ఇరవయ్యేళ్ళుగా ఈ ఆఫీసులో ఉన్నాను కాబట్టి ఒక మాట. చెల్లడం చెల్లకపోవడం ముద్ర మీద పడే టైమును బట్టి ఉంటుంది. ముందు ధ్రువపత్రానికి ముద్ర వేసి నాలుగూ పది అని రాద్దాం. టీ తాగుదాం. తరువాత ఈవిణ్ణి తీసేసి నాలుగున్నర అని రాద్దాం."

మండలి నెత్తిన పాలు పోసినట్టయింది. ఆ సాయంత్రమే కొత్త ప్రకటన తయారుచేశారు: "భయపడు స్వభావముగల మరొక మాతృమూర్తి కావలెను. సొంత పిల్లలు సినిమాలలో నటించకుండిన వారికి ప్రాధాన్యము."

ధ్రువపత్రం పట్టుకుని పైడితల్లి వరండాలోకి వచ్చింది. బెంచీ మీద ప్రణతి కూర్చుని ఉంది. యూనిఫారంలోనే ఉంది. పక్కన స్టెల్లా టీచరు లేదు, తండ్రి లేడు, ఎవరూ లేరు. కంచరపాలెం నుంచి ఇక్కడికి రెండు బస్సులు మారాలి. పైడితల్లి నోట్లోకి ఓలమ్మో వచ్చింది. గుమ్మంలో నిలబడ్డ ధర్మారావు అలవాటు కొద్దీ జేబులో మీట తడుముకున్నాడు.

పైడితల్లి ఆ మాట మింగేసి, కూతురి చేతిలో కాగితం పెట్టింది. ప్రణతి అది చదువుకుంది. 'అందరూ చూడదగినది' అన్నచోట వేలు పెట్టి రెండుసార్లు చదువుకుంది. పైడితల్లి పక్కన కూర్చుంది. నెత్తి మీద ఫ్యాను కిర్రు కిర్రుమని తిరుగుతోంది. ప్రణతి తలెత్తి దాన్నొకసారి చూసి, బెంచీ మీద ఇద్దరికీ సరిపడా ఒక అడుగు పక్కకి జరిగింది.

"ఆ సినిమాలో సన్యాసమ్మ అడిగితే బదులు సెప్పలేదేటే?" అంది పైడితల్లి. "ఇప్పుడు నానడుగుతున్నాను. ఒక్కదానివే అంత దూరం ఎలాగెల్లావే?"

పన్నెండు రోజులుగా ఊరుకున్న పిల్ల రోడ్డు కేసి చూసింది. బస్సొకటి రోడ్డు మీద ఆగి, ఎవరో దిగి, వెళ్ళిపోయింది. కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకుంది. ఈల సర్దుకుంది. అప్పుడు తల్లి కేసి తిరిగింది.

"ఒక్కదాన్నే ఎక్కడే అమ్మా? బస్సెక్కిన కాడినుంచీ దిగిందాకా నా చెవిలో నువ్వు ఓలమ్మో, ఓలమ్మో అంటానే ఉన్నావు కదేటి!"